పాత లారీ హైవే మీద కుదిపేస్తోంది, స్టీరింగు తిప్పినచోటే ఆగిపోతోంది: బాక్సు మార్చక తప్పదా?

గుంటూరు మిర్చి బండి:

అందరికీ నమస్కారం. మాది 2008 మోడల్ ఆరు టైర్ల లారీ. ముందూ వెనుకా కమాన్ కట్టలే (ఉక్కు పట్టీలు పేర్చిన స్ప్రింగులు), పవర్ స్టీరింగు ఉంది, టైర్లు 10.00-20 సైజు నైలాన్ టైర్లు. సీజనులో గుంటూరు యార్డు నుంచీ, చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల నుంచీ మిర్చి టిక్కీలు (బస్తాలు) చెన్నైకి తోలుతాము. తక్కిన కాలంలో విజయవాడ ఆటోనగర్, గొల్లపూడి మార్కెట్ ప్రాంతాల్లో దొరికిన కిరాయి చూసుకుంటాము. దూరప్రయాణాల్లో డ్రైవరుతో పాటు నేను కూడా బండి నడుపుతాను కనుక, కింద వ్రాసినవన్నీ నేను స్వయంగా గమనించినవే.

ఇబ్బందులు రెండు. మొదటిది కుదుపు. 16వ నంబరు జాతీయ రహదారి మీద నున్నటి తారు ఉన్నచోట కూడా చిన్న అతుకు వచ్చినా క్యాబిన్ మొత్తం ఎగిరిపడుతుంది. కనకదుర్గ వారధి మీద జాయింట్లు దాటేటప్పుడైతే డ్యాష్‌బోర్డు ఊడివస్తుందేమో అనిపిస్తుంది. ఖాళీ బండి అయితే ఇది మరీ ఎక్కువ. దీనికి తోడు వేగం 55 నుంచి 60 మధ్యకు రాగానే స్టీరింగు చక్రం పక్కలకు వణకడం మొదలవుతుంది, 65 దాటితే కొంత తగ్గుతుంది.

రెండవది స్టీరింగు. ఊళ్ళో మెల్లగా వెళ్ళేటప్పుడు తిప్పడానికి బరువేమీ లేదు. కానీ మలుపు తిరిగిన తరువాత చక్రం తనంతట తాను నేరుగా రాదు, ఎక్కడ వదిలితే అక్కడే నిలిచిపోతుంది. లేన్ మారిన ప్రతిసారీ చేత్తో వెనక్కి లాగవలసి వస్తోంది. తిన్నని రోడ్డు మీద కూడా కాసేపు ఎడమకు, కాసేపు కుడికి సరిదిద్దుతూనే ఉండవలసి రావడంతో ఒంగోలు చేరేసరికి భుజాలు పట్టేస్తున్నాయి. ఆయిలు మట్టం సరిగానే ఉంది, బెల్టు కొత్తది.

టిక్కీలు ఎత్తుగా వేసినప్పుడు బండి పక్కకు ఊగుతోందని ఈ సీజను మొదట్లో ముందు కట్టలకూ వెనుక కట్టలకూ అదనపు పట్టీలు వేయించాము. అప్పుడే స్టీరింగులో ప్లే (ఖాళీగా ఆడడం) ఎక్కువగా ఉందని, స్టీరింగు తిప్పుడును ముందు చక్రాలకు అందించే గేర్ల పెట్టె, అంటే బాక్సు మీది స్క్రూ కొంత బిగించారు. ఇప్పుడు ఒక మెకానిక్ స్టీరింగు బాక్సు మార్చాలని అంటున్నారు, మరొకరు అలైన్‌మెంట్ (ముందు చక్రాల కోణాలు సరిచూడడం) చేయిస్తే చాలని అంటున్నారు. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) గడువు దగ్గర పడుతోంది. బాక్సు మీద డబ్బు పెట్టే ముందు ఏది చూడాలో, ఏ వరుసలో చూడాలో అనుభవమున్నవారు చెప్పగలరు.

కృష్ణలంక డ్రైవర్:

ఆ వేగం మధ్యలో వణికి, దాటితే తగ్గుతోందంటే అది టైరు దోషమే అని నా నమ్మకం. ముందు టైర్లు రెండింటినీ వెనుకకు వేసి, వెనుక ఉన్న మంచి టైర్లను ముందుకు తెచ్చి ఒక ట్రిప్పు వేసి చూడండి, ఖర్చు లేని పరీక్ష. గాలి కూడా తెల్లవారుజామున టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. మధ్యాహ్నం ఎండలో కాజ టోల్‌గేటు దగ్గర ఆగి గేజీ పెడితే ఎక్కువే చూపిస్తుంది, అది చూసి గాలి తీసేస్తే మరునాటి ఉదయానికి తక్కువైపోతుంది. వీలైతే ముందు రెండింటికీ రేడియల్ టైర్లు వేయించండి, కుదుపులో తేడా తెలుస్తుంది.

స్టీరింగు విషయంలో మాత్రం, 2008 బండికి బాక్సు అరిగిపోవడంలో ఆశ్చర్యం లేదు. మార్చేస్తే ఎఫ్‌సీకి కూడా నిశ్చింతగా ఉంటుంది.

ఆటోనగర్ ఫిట్టర్:

గుంటూరు సోదరులకు నమస్కారం. బాక్సు మార్చమని చెప్పడం తేలిక, కానీ మీరు వ్రాసిన లక్షణం బాక్సు అరిగినప్పుడు వచ్చేది కాదు. బాక్సు అరిగితే ప్లే పెరుగుతుంది, అంటే చక్రం కొంత తిప్పినా టైరు కదలదు. తిప్పినచోటే నిలిచిపోవడం అంటే ఎక్కడో ఏదో పట్టేస్తోందని అర్థం. పట్టేసే చోట్లు నాలుగైదు ఉంటాయి. వాటిని ఊహతో కాక, విడదీసి కనిపెట్టాలి.

దానికి చేయవలసిన పని ఒక్కటే. బండిని చదునైన చోట నిలిపి, వెనుక చక్రాలకు దిమ్మలు పెట్టి, ముందు యాక్సిల్‌ను జాకీతో లేపి, జాకీ మీదే నమ్మకం పెట్టుకోకుండా యాక్సిల్ కింద గట్టి చెక్క దిమ్మలో స్టాండులో ఉంచి, బాక్సుకు ఉన్న ఇనుప చేతి నుంచి ముందు చక్రానికి వెళ్ళే డ్రాగ్ లింకును ఒక వైపు విప్పండి. ఇప్పుడు స్టీరింగు భాగం వేరు, చక్రాల భాగం వేరు. క్యాబిన్‌లో కూర్చుని స్టీరింగు చక్రాన్ని ఈ చివరి నుంచి ఆ చివరి వరకు మెల్లగా తిప్పించండి. ఇంజను ఆపి ఉంటే లోపలి ఆయిలు వల్ల కొంత బరువు సహజం, కానీ ఆ బరువు అంతటా ఒకేలా ఉండాలి. తరువాత కింద నిలబడి టైర్లను చేత్తో పట్టుకుని ఎడమకూ కుడికీ తిప్పండి. ఇద్దరు మనుషులు ఊపిరి బిగబట్టి తోస్తే తప్ప తిరగకపోతే జబ్బు కింద ఉంది, పైన కాదు. అప్పుడు ముందు చక్రాలు రెండింటినీ కలిపే టై రాడ్ కూడా ఒక చివర విప్పితే ఏ పక్క చక్రం పట్టేస్తోందో విడిగా తెలుస్తుంది. ఈ పనికి ఒక పూట చాలు, విడిభాగం ఒక్కటి కూడా కొననక్కరలేదు.

నా అంచనా చెప్పమంటే, కింగ్ పిన్ అంటాను, అంటే ముందు చక్రం ఎడమకూ కుడికీ తిరగడానికి ఆధారమైన పిన్ను. గ్రీజు కొట్టించాము అని అందరూ చెబుతారు, అబద్ధమూ కాదు. కానీ బండి నేల మీద నిలబడి ఉన్నప్పుడు ముందు బరువంతా కింగ్ పిన్ కింది త్రస్ట్ బేరింగు మీద ఉంటుంది, గ్రీజు దాని మధ్యలోకి దూరదు. నేల మీద ఒకసారి, యాక్సిల్ లేపి చక్రాలను అటూ ఇటూ తిప్పుతూ మరొకసారి కొట్టాలి. పైన ఒక్కచోటే పాత గ్రీజు బయటికి వచ్చి, కింద నుంచి ఏమీ రాకపోతే కింది బుష్‌కు (పిన్ను తిరిగే గొట్టానికి) గ్రీజు అందడం లేదని అర్థం. నిప్పిల్ (గ్రీజు కొట్టే మూతి) మార్చి, దారి శుభ్రం చేసి, అప్పటికీ రాకపోతే పిన్ను దింపవలసిందే. పట్టేసిన కింగ్ పిన్‌లో ప్లే కనిపించదు, అందువల్ల టైరును పైనా కిందా పట్టి ఊపి చూసి బాగానే ఉందని వదిలేసేవారు ఎక్కువ. ఊగితే మాత్రం బ్రేకు తొక్కించి మళ్ళీ చూడండి. బ్రేకు తొక్కగానే ఆ ఊపు పోతే హబ్బు బేరింగుది, ఉండిపోతే కింగ్ పిన్‌ది.

ఇక బాక్సు మీది స్క్రూ సంగతి. ప్లే కనబడగానే ఆ స్క్రూ బిగించడం మన దగ్గర అలవాటుగా మారింది. లోపలి పళ్ళు నేరుగా ఉన్న స్థానంలోనే అన్నిటికంటే దగ్గరగా కలుస్తాయి కాబట్టి, అతిగా బిగిస్తే సరిగ్గా ఆ మధ్యలోనే పట్టు వస్తుంది. డ్రాగ్ లింకు విప్పి చక్రం తిప్పేటప్పుడు మధ్యలో మాత్రమే గట్టిగా ఉండి, రెండు పక్కలకు వెళ్ళేకొద్దీ వదులైతే ఆ బిగింపే కారణం. దానిని సరిచేయడం కూడా లింకు విప్పి, చక్రం నేరుగా ఉంచే చేయాలి. లింకు బిగించి ఉండగా రోడ్డు పక్కన స్పానరు పట్టుకుని చేసే పని కాదు. మొదట ప్లే ఎక్కడిదో, అంటే డ్రాగ్ లింకు బాల్ జాయింటుదో, టై రాడ్ చివరదో, బాక్సును ఛాసిస్‌కు పట్టే బోల్టులదో తేల్చకుండా స్క్రూ జోలికి వెళ్ళకూడదు. క్యాబిన్ కింద స్టీరింగు రాడ్డుకు ఉన్న క్రాస్ జాయింటు తుప్పు పట్టినా ఇదే లక్షణం వస్తుంది, కాకపోతే అప్పుడు స్టీరింగు చక్రం తిరిగే ప్రతి చుట్టులోనూ అవే చోట్ల గట్టిగా తగులుతుంది.

కృష్ణలంక వారు చెప్పిన టైర్ల మార్పిడి మంచిదే. రేడియల్, నైలాన్ మాత్రం ఒకే యాక్సిల్ మీద ఎట్టి పరిస్థితిలోనూ కలపకండి. ఇప్పుడు ముందు యాక్సిల్‌లో ఉన్న జబ్బు తేలకుండా కొత్త టైర్లు వేస్తే వాటి అంచులు అరిగిపోతాయి.

పాలిటెక్నిక్ మాష్టారు:

నేను గుంటూరులో ఆటోమొబైల్ విభాగంలో పాఠాలు చెప్పి పదవీ విరమణ చేశాను. పై సమాధానంలో చెప్పిన విడదీసే పద్ధతితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే ఒక విషయం మిగిలిపోయింది. కట్టల పని చేయించిన సీజనులోనే ఈ రెండు ఇబ్బందులూ ఉన్నాయని మీ మాటలను బట్టి అనిపిస్తోంది కాబట్టి, ఆ రెండింటికీ అక్కడ ఒక ఉమ్మడి మూలం ఉందేమో చూడాలి.

కింగ్ పిన్ నిట్టనిలువుగా ఉండదు, పై భాగం కొద్ది డిగ్రీలు వెనుకకు వాలి ఉంటుంది. దీనినే క్యాస్టర్ అంటాము. సైకిలు చేతులు వదిలినా తిన్నగా పోవడానికి దాని ముందు ఫోర్కు వాలి ఉండడం కూడా తోడ్పడుతుంది కదా, లారీలో చక్రం తనంతట తాను నేరుగా రావడానికి కూడా ఆ వాలే ముఖ్య కారణం. వాలు తగ్గితే తిప్పడం తేలికగానే ఉంటుంది, కానీ తిరిగి రావడం మందగిస్తుంది, తిన్నని రోడ్డు మీద బండి అటూ ఇటూ పోతుంది. మీరు వ్రాసిన రెండవ ఇబ్బంది అచ్చంగా ఇదే.

కట్టల పనిలో ఈ వాలు మారడానికి రెండు దారులున్నాయి. చాలా లారీల్లో ముందు యాక్సిల్‌కూ కట్టకూ మధ్య ఒక అంచు లావుగా, ఒక అంచు పలుచగా ఉండే వెడ్జ్ పలక ఉంటుంది. కట్ట యాక్సిల్‌కు పైన కూర్చునే బండ్లలో లావు అంచు వెనుక వైపు ఉంటే వాలు పెరుగుతుంది. కట్టలు దింపి ఎక్కించేటప్పుడు ఆ పలక తిరగబడినా, పక్కన పడిపోయినా వాలు తగ్గిపోతుంది. తిరగబడితే ఆ నష్టం రెట్టింపు. రెండవ దారి వెనుక కట్టలు. వెనుక పట్టీలు చేర్చడంతో ఖాళీ బండి వెనుక భాగం ఎత్తుగా నిలబడుతుంది, అంటే ఛాసిస్ మొత్తం ముందుకు వంగుతుంది, దానితో పాటు ముందు యాక్సిల్ వాలు కూడా తగ్గుతుంది. లోడు వేయగానే వెనుక భాగం దిగి వాలు కొంత తిరిగి వస్తుంది. కాబట్టి ఖాళీలోనూ, లోడులోనూ స్టీరింగు ఒకే విధంగా పట్టేస్తోందా, తేడా ఉందా అన్నది దయచేసి తెలియజేయండి. తేడా లేకుండా రెండింటిలోనూ పట్టేస్తే ఫిట్టర్ గారు చెప్పిన కింగ్ పిన్ వైపే మొగ్గు చూపుతాను, ఖాళీలోనే ఎక్కువైతే వాలు మీద అనుమానం పెరుగుతుంది.

కుదుపు విషయంలో రెండు వేర్వేరు సంగతులను మీరు ఒకే మాటలో వ్రాశారు. రోడ్డు అతుకు తగిలినప్పుడు వచ్చే దెబ్బ కట్టలది. ఒక వేగంలో మాత్రమే వచ్చే వణుకు తిరిగే భాగానిది. గంటకు 60 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు సుమారు 16.7 మీటర్లు. మీ టైరు ఒక చుట్టు తిరిగితే దాదాపు 3.2 మీటర్లు పోతుంది. అంటే ఆ వేగంలో టైరు సెకనుకు 5 సార్లు తిరుగుతోంది. వెనుక హౌసింగు నిష్పత్తి 6 అనుకుంటే, అంటే టైరు ఒక చుట్టు తిరిగేసరికి ఇంజను శక్తిని వెనుక చక్రాలకు అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ 6 చుట్లు తిరుగుతుందనుకుంటే, ఆ షాఫ్ట్ సెకనుకు 30 సార్లు తిరుగుతుంది. సెకనుకు 5 అంటే చేతికి దాదాపు లెక్కపెట్టగలిగేంత మెల్లని ఊపు, 30 అంటే సీటు కింద, ఫ్లోరులో తెలిసే సన్నని జుమ్మనే వణుకు. స్టీరింగు పక్కలకు ఊగుతోందని అన్నారు కాబట్టి ముందు టైరు, రిమ్ము, హబ్బు, డ్రమ్ము వరుసలో చూడండి. సీటు కింద వణుకు కూడా ఉంటే అప్పుడు షాఫ్ట్ క్రాస్‌లు, సెంటర్ బేరింగు చూడాలి. వెనుక ఎత్తు పెరిగితే షాఫ్ట్ కోణం కూడా మారుతుందని మరచిపోకూడదు.

అతుకుల దెబ్బకు వస్తే, మిర్చి లోడు విషయంలో ఒక పొరపాటు అభిప్రాయం ప్రచారంలో ఉంది. టిక్కీలు ఎత్తుగా ఉంటాయి కాబట్టి బండి ఊగుతుంది, ఊగుతుంది కాబట్టి పట్టీలు చేర్చాలి అంటారు. ఆ లోడులో ఎత్తు ఎక్కువే కానీ, సిమెంటుతోనో ఇనుముతోనో పోల్చితే బరువు తక్కువ. అదనపు పట్టీలు వంగేంత బరువు ఆ కట్టలకు ఎప్పుడూ అందదు, అందువల్ల అవి స్ప్రింగులా కాక దుంగలా పనిచేస్తాయి. ఊగడానికి అసలు కారణం తరచుగా చచ్చిపోయిన షాక్ అబ్జార్బర్లు, కట్ట చివరను ఛాసిస్‌కు పట్టి ఉంచే షాకిల్ పిన్నులు, బుష్‌లు అరిగిపోవడం. షాక్ పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి హైవే మీద కొంత దూరం నడిపి ఆగగానే రెండు వైపులా జాగ్రత్తగా తాకి చూడండి. పనిచేసేది గోరువెచ్చగా ఉంటుంది, పనిచేయనిది చల్లగానే ఉంటుంది. పట్టీల మధ్య తుప్పు పేరుకుపోయి గ్రాఫైట్ గ్రీజు లేకపోతే చిన్న అతుకులకు అవి ఒకదాని మీద ఒకటి జారవు, దెబ్బంతా నేరుగా ఛాసిస్‌కు వస్తుంది. పాత పట్టీని కొలిమిలో వేడిచేసి వంచి వేసి ఉంటే దానిని తీసివేయించండి, పదును పోయిన ఉక్కు ఎప్పుడు విరుగుతుందో చెప్పలేము.

ఫిట్టర్ గారు వ్రాసిన పరీక్షకు ఒక చిన్న కొలత కూడా చేర్చండి. ముందు కట్ట ముందు పిన్ను నుంచి యాక్సిల్ మధ్య వరకు రెండు వైపులా టేపు పెట్టి చూడండి. రెండు కొలతల్లో తేడా ఉంటే కట్ట మధ్య బోల్టు విరిగి యాక్సిల్ జరిగి ఉండవచ్చు. అది తేలకుండా అలైన్‌మెంట్ చేయిస్తే ఆ డబ్బు వృథా.

గుంటూరు మిర్చి బండి:

ఇంత వివరంగా వ్రాసినందుకు ముగ్గురికీ కృతజ్ఞతలు. మాష్టారు అడిగిన ప్రశ్నకు జవాబు ఏమిటంటే, లోడులో కూడా పట్టేస్తుంది, ఖాళీలో మరికొంత ఎక్కువ. ఇక్కడి ఆటోనగర్‌లో తెలిసిన వారి దగ్గర డ్రాగ్ లింకు విప్పించాము. స్టీరింగు చక్రం దాదాపు అంతటా హాయిగా తిరిగింది, సరిగ్గా మధ్యలో మాత్రం కొంచెం బిగువు తగిలింది. కింద టై రాడ్ కూడా విప్పిన తరువాత కుడి చక్రం ఒక్క చేత్తో తిరిగింది. ఎడమ చక్రాన్ని ఇద్దరం తోసినా మొండికేసింది. పిన్ను దింపితే త్రస్ట్ బేరింగు ముక్కలై ఉంది, కింది బుష్ ఎండిపోయి నీలిరంగుకు తిరిగింది. కింది గ్రీజు దారి గట్టిపడిన పాత గ్రీజుతో పూర్తిగా మూసుకుపోయింది. రెండు వైపులా కింగ్ పిన్ కిట్టు మార్పించాము.

వెడ్జ్ పలకలు కూడా చూశాము. రెండు వైపులా లావు అంచు ముందుకు ఉంది. యాక్సిల్ కొలతల్లో తేడా లేదు. ముందు కట్టల్లో చేర్చిన పట్టీ తీయించి, పలకలు తిప్పించి, పట్టీల మధ్య గ్రాఫైట్ గ్రీజు పెట్టించాము. వెనుక పట్టీలు ఇంకా తీయలేదు, ఎందుకంటే వచ్చే నెలలో సిమెంటు కిరాయి ఒకటి మాట్లాడుకున్నాము. షాకులు రెండూ చల్లగానే ఉన్నాయి కాబట్టి కొత్తవి వేయించాము.

ఇప్పుడు స్టీరింగు మలుపు తరువాత వెనక్కి వస్తోంది, కాకపోతే చివరి కొద్ది భాగంలో ఆగుతోంది. వారధి మీద దెబ్బ బాగా తగ్గింది. టైర్లు ముందుకూ వెనుకకూ మార్చాక 55 నుంచి 60 మధ్య వణుకు స్టీరింగు నుంచి పోయి సీటులోకి వచ్చింది. ఇక అలైన్‌మెంట్ వెంటనే చేయించవచ్చా? బాక్సు స్క్రూ వదులు చేయించాలా?

ఆటోనగర్ ఫిట్టర్:

వణుకు టైర్లతో పాటు వెనుకకు వెళ్ళింది కాబట్టి దోషం మీరు మార్చిన ఆ రెండు టైర్లలోనే ఉంది. వెనుక యాక్సిల్ లేపి ఒక్కొక్క టైరును మెల్లగా తిప్పుతూ, పక్కన ఒక రాయి మీద సుద్దముక్కను కదలకుండా పట్టుకోండి. ఉబ్బు ఉన్నచోట సుద్ద గీత పడుతుంది. గోడ లోపల నైలాను తెగి ఉబ్బిన టైరు అయితే ముందుకు గానీ వెనుకకు గానీ వేయకూడదు, స్టెప్నీగా కూడా ఉంచకండి. టైరు బాగుండి రిమ్ము వంకరగా ఉంటే రిమ్ము మార్చండి. లాక్ రింగు రిమ్ము (టైరును విడి ఉక్కు వలయం పట్టి ఉంచే రకం) కనుక విప్పే ముందు గాలి పూర్తిగా తీయించండి, ఈ ఒక్క విషయంలో తొందర వద్దు.

చివరి కొద్ది భాగంలో ఆగడం ఆ మధ్య బిగువు వల్లనే. స్క్రూను సరిచేయించండి, కానీ లింకు విప్పి, మధ్యలో ఉన్న బిగువు పోయేంతవరకే వదులు చేసి, లాక్ నట్టు బిగించాలి. తరువాత లింకు తొడిగి ప్లే చూడండి. ఎక్కువగా అనిపిస్తే అది బాల్ జాయింట్లలో వెతకవలసినది. కొత్త కింగ్ పిన్ బుష్‌లు మొదట్లో కొంత బిగువుగానే ఉంటాయి కాబట్టి, కొన్ని ట్రిప్పుల తరువాత కూడా చక్రం తిరిగి రాకపోతే అప్పుడు మళ్ళీ వ్రాయండి.

అలైన్‌మెంట్ ఇప్పుడే వద్దు. కట్టలు విప్పి బిగించిన తరువాత పట్టీలు సర్దుకుంటాయి, కట్టను యాక్సిల్‌కు పట్టే యూ బోల్టులు సడలుతాయి. ఒక లోడు ట్రిప్పు వేసి రాగానే, లోడు దించక ముందే యూ బోల్టులన్నీ మళ్ళీ బిగించండి. ఆ తరువాతే అలైన్‌మెంట్ చేయించండి.

పాలిటెక్నిక్ మాష్టారు:

అలైన్‌మెంట్‌కు వెళ్ళినప్పుడు టో (రెండు చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత) ఒక్కటే చూసి పంపించకుండా, రెండు వైపులా క్యాస్టర్ ఎంత వచ్చిందో కాగితం మీద వ్రాయించుకోండి. కంపెనీ మాన్యువల్‌లో మీ మోడల్‌కు ఇచ్చిన అంకెతో దానిని పోల్చండి, ఎందుకంటే పలక తిప్పడం సరైన దిశలోనే జరిగినా, మీ బండికి ఆ మందం సరిపోతుందో లేదో కొలిస్తేనే తెలుస్తుంది. ఎడమ కుడి అంకెల మధ్య తేడా ఉంటే బండి ఒక పక్కకు లాగుతుంది. వెనుక పట్టీలు తీసేదాకా ఈ కొలతను ఖాళీ బండితో ఒకసారి, లోడుతో ఒకసారి తీయించగలిగితే ఇంకా మంచిది. సిమెంటు కిరాయి అయిన వెంటనే ఆ పట్టీలు తీయించి, మళ్ళీ ఒకసారి కొలిపించండి.